జర్మనీలో ప్రభుత్వం పడిపోయినా పాలన ఎందుకు ఆగదు? ఓట్లు, సీట్లు, కోర్టు వెనకున్న లెక్క

ప్రశ్న: నేను 2024లో మాస్టర్స్ చేయడానికి జర్మనీ వచ్చాను. వచ్చిన కొద్ది నెలలకే ప్రభుత్వం కూలింది. ఎన్నికలు జరిగితే నియోజకవర్గాల్లో గెలిచిన 23 మందికి సీటే రాలేదు. ఎన్నికలైపోయాక పాత సభ సమావేశమై రాజ్యాంగాన్ని మార్చేసింది. కొత్త చాన్సలర్ పొద్దున ఓడిపోయి సాయంత్రానికి గెలిచాడు. ఇది గందరగోళమా, లేక దీని వెనక ఏదైనా పద్ధతి ఉందా? ఇక్కడ ఉండిపోవాలనుకునే మాలాంటివాళ్లకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పగలరా?

సమాధానం:

పద్ధతి ఉంది. మీరు చెప్పిన నాలుగు సంఘటనలూ చట్టం రాసిపెట్టిన దారిలోనే జరిగాయి. నేను ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నాను. పౌరసత్వం తీసుకున్నాక ఓటు వేయడమే కాదు, ఎన్నికల సహాయక సిబ్బందిలో చేరి బ్యాలెట్లు లెక్కపెట్టాను కూడా. ఈ వ్యవస్థను దగ్గర నుంచి చూసేకొద్దీ నాకు దీనిమీద గౌరవం పెరిగింది. ఇప్పుడు దానికి ఎదురవుతున్న ఒత్తిడి చూస్తే ఆందోళనగానూ ఉంది. రెండూ చెబుతాను.

ముందు ఒక తేదీ గుర్తుపెట్టుకోండి: 12 సెప్టెంబర్ 1932. ఆ రోజు బెర్లిన్‌లోని అప్పటి పార్లమెంటు రైఖ్‌స్టాగ్‌లో చాన్సలర్ (మన ప్రధానిలాంటి పదవి) ఫ్రాంజ్ ఫాన్ పాపెన్ మీద అవిశ్వాసం పెట్టారు. ఆయనకు వ్యతిరేకంగా 512 ఓట్లు, అనుకూలంగా 42. తీర్మానానికి ఓటేసినవాళ్లలో నాజీలూ ఉన్నారు, కమ్యూనిస్టులూ ఉన్నారు. ఆ సభలో ఈ రెండు పార్టీల బలం కలిపితేనే సగం దాటుతుంది. ఏ ప్రభుత్వాన్నైనా ఇద్దరూ కలిసి పడగొట్టగలరు. కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తారా అంటే, ఆ ప్రశ్నే లేదు. సభ చేతగానిదైపోయింది, అధికారం అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ సంతకాల్లోకి జారిపోయింది. 30 జనవరి 1933న అదే అధ్యక్షుడు హిట్లర్‌ను చాన్సలర్‌గా నియమించాడు.

యుద్ధం తర్వాత బాన్ నగరంలో కూర్చుని కొత్త రాజ్యాంగం రాసిన 65 మందిలో చాలామంది దీన్ని కళ్లారా చూసినవాళ్లు. 23 మే 1949న వాళ్లు ప్రకటించిన ప్రాథమిక చట్టమే, అంటే గ్రుండ్‌గెజెట్స్, ఇప్పటికీ జర్మనీ రాజ్యాంగం. అందులోని 67వ అధికరణం ప్రకారం చాన్సలర్‌ను దింపాలంటే "వద్దు" అంటే సరిపోదు. ఎవరు కావాలో పేరు చెప్పి, అతన్ని అదే ఓటింగులో మొత్తం సభ్యుల మెజారిటీతో ఎన్నుకోవాలి. ఇంట్లో ఉన్నవాణ్ని ఖాళీ చేయించాలంటే కొత్తగా దిగేవాణ్ని సామానుతో సహా గుమ్మం దగ్గరికి తీసుకురావాలన్నమాట.

ఇంత పెద్ద ఆయుధాన్ని ఇన్ని దశాబ్దాల్లో ప్రజలు ఎన్నుకునే సభ అయిన బుండెస్టాగ్‌లో రెండుసార్లే తీశారు. ఏప్రిల్ 1972లో విల్లీ బ్రాంట్‌ను దింపి రైనర్ బార్ట్‌సెల్‌ను కూర్చోబెట్టాలని ప్రతిపక్షం ప్రయత్నించింది. 249 ఓట్లు కావాలి, 247 వచ్చాయి. రెండు ఓట్లతో బ్రాంట్ నిలిచాడు. అక్టోబర్ 1982లో మాత్రం ఫలించింది. హెల్ముట్ ష్మిట్ దిగిపోయాడు, హెల్ముట్ కోల్ వచ్చాడు. ఆయనే తర్వాత 1998 దాకా ఉన్నాడు.

మరి 2024లో ఒలాఫ్ షోల్ట్స్ ఎలా పడ్డాడు అంటారా? ఆయన్ను ఎవరూ పడగొట్టలేదు. నవంబర్ 6న ఆయనే తన ఆర్థిక మంత్రి క్రిస్టియాన్ లిండ్నర్‌ను తీసేశాడు. దాంతో లిండ్నర్ పార్టీ ఎఫ్‌డీపీ కూటమి నుంచి బయటికొచ్చింది, ప్రభుత్వం మైనారిటీలో పడింది. మైనారిటీలో పడినంత మాత్రాన ఇక్కడ దిగిపోవాల్సిన పని లేదు. ప్రత్యామ్నాయం పేరు చెప్పేవాళ్లు లేకపోతే కొనసాగవచ్చు. కానీ బడ్జెట్ పాస్ కాదు, చట్టాలు కదలవు. అందుకని షోల్ట్స్ 68వ అధికరణం దారి పట్టాడు. తానే విశ్వాసం కోరాలి, సభ నిరాకరించాలి, అప్పుడు అధ్యక్షుడు కావాలనుకుంటే 21 రోజుల్లోపు సభను రద్దు చేయవచ్చు. డిసెంబర్ 16న ఓటింగ్ జరిగితే అనుకూలంగా 207, వ్యతిరేకంగా 394, తటస్థంగా 116 వచ్చాయి. ఆ తటస్థులు ఆయన సొంత కూటమిలోని గ్రీన్స్. ఆయన గెలవకుండా ఉండాలనే వాళ్లు తటస్థంగా ఉన్నారు, ఎందుకంటే గెలిస్తే ఎన్నికలు రావు. బయటి నుంచి చూసేవాళ్లకు ఇది నాటకంలా కనిపిస్తుంది. కానీ ఇక్కడ చాన్సలర్ తనకిష్టమైనప్పుడు సభను రద్దు చేయలేడు, సభ కూడా తనను తాను రద్దు చేసుకోలేదు. ముందస్తు ఎన్నికలకు మిగిలిన ప్రధాన దారి ఇదే. కోల్ 1982లోనూ, గేర్హార్డ్ ష్రోడర్ 2005లోనూ ఇదే చేశారు. రెండుసార్లూ రాజ్యాంగ న్యాయస్థానం పరిశీలించి చెల్లుతుందని చెప్పింది. డిసెంబర్ 27న అధ్యక్షుడు ష్టైన్‌మయర్ సభను రద్దు చేశాడు. 60 రోజుల గడువులోనే, 23 ఫిబ్రవరి 2025న ఎన్నికలు జరిగాయి.

ఈ మధ్యకాలంలో మీ వీసా ఆఫీసు, మీ యూనివర్సిటీ, మీ రైలు అన్నీ మామూలుగా నడవడానికి ఇంకో కారణం ఉంది. కొత్త ప్రభుత్వం వచ్చేదాకా పాత మంత్రులే ఆపద్ధర్మంగా కొనసాగుతారు. 2017 ఎన్నికల తర్వాత కొత్త ప్రభుత్వం రావడానికి 171 రోజులు పట్టింది, అప్పుడూ ఏమీ ఆగలేదు. పైగా స్కూళ్లు, పోలీసులు, యూనివర్సిటీలు రాష్ట్రాల చేతుల్లో ఉంటాయి. బెర్లిన్‌లో ఎవరున్నారన్నదానితో వాటి రోజువారీ పనికి పెద్దగా సంబంధం లేదు.

ఇప్పుడు ఆ 23 మంది సంగతి. ఇది కొంచెం పొడుగ్గా చెప్పాలి, ఎందుకంటే జర్మనీ తన నియమాలను ఎలా మార్చుకుంటుందో దీనికంటే బాగా చూపించే కథ ఇంకోటి లేదు.

బ్యాలెట్ పేపర్ మీద రెండు వరుసలుంటాయి. ఎడమవైపు మొదటి ఓటు మీ నియోజకవర్గంలో ఒక మనిషికి. కుడివైపు రెండో ఓటు ఒక పార్టీకి. మన దగ్గరి నుంచి వచ్చినవాళ్లు మొదటి ఓటే ముఖ్యం అనుకుంటారు, సహజం. కానీ సభలో ఏ పార్టీకి ఎన్ని సీట్లు అనేది రెండో ఓటు తేలుస్తుంది. దేశం మొత్తం మీద 5 శాతం దాటిన పార్టీలకు ఆ నిష్పత్తిలో సీట్లు పంచుతారు. మొదటి ఓటు ఆ సీట్లలో ఎవరు కూర్చోవాలో కొంతవరకు నిర్ణయిస్తుంది, అంతే.

ఇక్కడే చిక్కు మొదలైంది. ఒక పార్టీకి ఒక రాష్ట్రంలో రెండో ఓట్ల ప్రకారం 30 సీట్లు రావాలి, కానీ నియోజకవర్గాల్లో 35 మంది గెలిచారనుకోండి. ఆ ఐదుగురిని ఏం చేయాలి? పాత చట్టం ప్రకారం వాళ్లను అదనపు సీట్లుగా ఉండనిచ్చేవాళ్లు. పెద్ద పార్టీలు రెండే ఉన్నప్పుడు ఇది చిన్న సమస్య. పార్టీలు పెరిగేకొద్దీ పెద్దదైంది.

2005లో డ్రెస్డెన్‌లో జరిగింది చూడండి. ఒక అభ్యర్థి చనిపోవడంతో అక్కడొక నియోజకవర్గంలో పోలింగ్ రెండు వారాలు వాయిదా పడింది. మిగతా దేశం ఫలితాలు అప్పటికే వచ్చేశాయి, కాబట్టి జనం లెక్కలు వేసుకున్నారు. సంప్రదాయవాద సీడీయూ పార్టీకి అక్కడ రెండో ఓట్లు దాదాపు 41 వేలు దాటితే, ఆ పార్టీకి మొత్తం మీద ఒక సీటు తగ్గుతుందని తేలింది! ఎక్కువ ఓట్లొస్తే నష్టం. దాంతో ఆ పార్టీ అభిమానులు చాలామంది మొదటి ఓటు సీడీయూకు వేసి రెండోది ఇంకో పార్టీకి వేశారు. విషయం కార్ల్స్‌రూహెలోని రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. ఒక ఓటు తను వేసిన పార్టీకే హాని చేయడం రాజ్యాంగ విరుద్ధమని 2008లో కోర్టు తీర్పు చెప్పింది, 2011 జూన్ చివరికల్లా చట్టం మార్చమంది. పార్లమెంటు గడువు దాటించి మార్చింది. ఆ కొత్త చట్టాన్ని 2012లో కోర్టు మళ్లీ కొట్టేసింది.

అప్పుడు పార్టీలు అందరికీ నచ్చే మార్గం వెతికాయి: ఎవరికైనా అదనపు సీట్లొస్తే, నిష్పత్తి చెడకుండా మిగతా పార్టీలకూ అదనంగా ఇద్దాం. ఎవరికీ కోపం రాదు, సభ మాత్రం ఉబ్బుతుంది. ఉండాల్సింది 598 మంది. 2013లో 631, 2017లో 709, 2021లో 736 అయ్యారు. ప్రపంచంలో స్వేచ్ఛగా ఎన్నికైన సభల్లో ఇంత పెద్దవి అరుదు. కుర్చీలు, గదులు, ఖర్చు అలా ఉంచండి, కమిటీల్లో పని చేయడమే కష్టమైపోయింది.

2023లో షోల్ట్స్ కూటమి ఈ ముడిని ఒక్క కత్తివేటుతో తెంచింది. సభలో 630 మందే, అదనపు సీట్లు లేవు. రెండో ఓట్ల ప్రకారం పార్టీకి ఎన్ని సీట్లొస్తాయో అంతమందే వెళతారు. నియోజకవర్గంలో గెలిచినవాళ్లు అంతకన్నా ఎక్కువైతే, ఆ రాష్ట్రంలో తక్కువ ఓటు శాతంతో గెలిచినవాళ్లు బయట ఉండిపోతారు. 2025లో అలా మిగిలిపోయినవాళ్లే మీరన్న 23 మంది: సీడీయూ 15, తీవ్ర మితవాద పార్టీ ఏఎఫ్‌డీ 4, సీడీయూకు బవేరియాలో సోదర పార్టీ అయిన సీఎస్‌యూ 3, షోల్ట్స్ పార్టీ ఎస్‌పీడీ 1. ఆగ్స్‌బర్గ్‌లో గెలిచిన సీఎస్‌యూ అభ్యర్థి వాళ్లలో ఒకరు. నాలుగైదు పార్టీలు గట్టిగా పోటీపడే పెద్ద నగరాల్లో ఈ దెబ్బ ఎక్కువగా తగిలింది. అక్కడ తక్కువ శాతంతోనే గెలిచేస్తారు కదా.

ఇది న్యాయమా? నా అభిప్రాయం చెబుతాను. సభ నిష్పత్తిని కాపాడటం, సభను ఒక పరిమాణంలో ఉంచడం, నియోజకవర్గంలో గెలిచిన ప్రతి ఒక్కరినీ పంపడం, ఈ మూడూ ఒకేసారి సాధ్యం కావు. ఒకటి వదులుకోవాలి. మూడోదాన్ని వదులుకోవడం నాకు సమంజసంగానే అనిపిస్తుంది. కానీ దాన్ని అధికార కూటమి ఒంటరిగా చేయడం నాకు నచ్చలేదు. ఆటలో పాల్గొనే అందరూ ఒప్పుకోని నియమం ఎక్కువకాలం నిలవదు. ఆ చట్టంలోనే ఇంకో మార్పు చేశారు. 5 శాతం రాకపోయినా మూడు నియోజకవర్గాలు గెలిస్తే పార్టీని సభలోకి రానిచ్చే పాత వెసులుబాటును తీసేశారు. 2021లో 4.9 శాతంతో లెఫ్ట్ పార్టీ లోపలికొచ్చింది దాని పుణ్యాన్నే. బవేరియాలో మాత్రమే పోటీచేసే సీఎస్‌యూకు దేశవ్యాప్త లెక్కలో 5.2 శాతమే వచ్చింది. కొంచెం జారితే 45 నియోజకవర్గాలు గెలిచి కూడా సభలో ఒక్కరూ ఉండరు! సహజంగానే అందరూ కోర్టుకెళ్లారు. జులై 2024లో కోర్టు 630 పరిమితిని, సీట్ల కోతను సమర్థించింది. వెసులుబాటు తీసేయడాన్ని మాత్రం ఒప్పుకోలేదు, కొత్త చట్టం చేసేదాకా అది కొనసాగాలంది. ఇప్పుడు ఫ్రీడ్రిఖ్ మెర్ట్స్ ప్రభుత్వం ఎన్నికల చట్టాన్ని మళ్లీ పరిశీలించడానికి కమిషన్ వేస్తామని కూటమి ఒప్పందంలో రాసుకుంది. ఇలా పౌరుల ఫిర్యాదుతో మొదలై, కోర్టు, సభ, మళ్లీ కోర్టు, మళ్లీ సభ దాకా తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ మార్పు వచ్చేది ఇలాగే.

5 శాతం గీత గురించి ఒక్క మాట. చిన్న పార్టీలతో సభ ముక్కలు కాకుండా పెట్టిన గీత ఇది. 2025లో బీఎస్‌డబ్ల్యూ పార్టీకి 4.98 శాతం వచ్చింది. పదివేల కన్నా తక్కువ ఓట్లతో ఆగిపోయింది. అది లోపలికొచ్చి ఉంటే సీడీయూ, సీఎస్‌యూ, ఎస్‌పీడీ కలిసినా మెజారిటీ ఉండేది కాదు, ఇప్పటి ప్రభుత్వమే లేదు. గీత దాటని పార్టీలన్నిటికీ కలిపి దాదాపు 14 శాతం ఓట్లు పడ్డాయి. అవన్నీ సీట్లుగా మారలేదు. స్థిరత్వానికి కట్టిన ధర అది. నాకైతే కొంచెం ఎక్కువే అనిపిస్తుంది.

ఇక పాత సభ రాజ్యాంగాన్ని మార్చిన సంగతి. మీ ప్రశ్నల్లో నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే.

2009లో జర్మనీ తన రాజ్యాంగంలోనే అప్పుకు ఒక కళ్లెం వేసుకుంది. మామూలు రోజుల్లో కేంద్రం చేసే కొత్త అప్పు, ఆర్థిక ఒడిదుడుకుల ప్రభావం తీసేసి చూస్తే, జీడీపీలో 0.35 శాతం దాటకూడదు. కరోనా కోసం అనుమతి తీసుకుని వాడని 60 బిలియన్ యూరోల అప్పును షోల్ట్స్ ప్రభుత్వం వాతావరణ నిధికి మళ్లించింది. సీడీయూ, సీఎస్‌యూ సభ్యులు కోర్టుకెళ్లారు. 15 నవంబర్ 2023న కార్ల్స్‌రూహె ఆ మళ్లింపును రద్దు చేసింది. బడ్జెట్లో పెద్ద గొయ్యి పడింది. కూటమిలో ఒక పార్టీ అప్పు చేద్దామంటే, ఇంకోటి ససేమిరా అంది. ఏడాది తర్వాత ప్రభుత్వం పడటానికి అసలు మూలం అక్కడుంది.

ఎన్నికలయ్యాక, అలా కోర్టుకెళ్లిన సీడీయూ నాయకుడు మెర్ట్స్‌కే రక్షణకు, రోడ్లకు, వంతెనలకు డబ్బు కావాల్సివచ్చింది. కళ్లెం సడలించాలంటే రాజ్యాంగం మార్చాలి, దానికి మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. కొత్త సభలో ఏఎఫ్‌డీకి 152, లెఫ్ట్‌కు 64. కలిపితే 216. మొత్తం 630లో మూడోవంతు 210. అంటే ఆ రెండూ కాదంటే సవరణ కుదరదు. పాత సభలో ఆ అడ్డు లేదు. కొత్త సభ మొదటిసారి సమావేశమయ్యేదాకా పాత సభకు పూర్తి అధికారాలుంటాయని 39వ అధికరణం చెబుతుంది, ఆ సమావేశం ఎన్నికల తర్వాత 30 రోజుల్లోపు జరగాలి. ఆ వారాల్లోనే పని ముగించారు. 18 మార్చి 2025న పాత బుండెస్టాగ్‌లో 512 మంది అనుకూలంగా ఓటేశారు, కావాల్సింది 489. జీడీపీలో ఒక శాతం దాటిన రక్షణ ఖర్చుకు కళ్లెం వర్తించదు, 500 బిలియన్ యూరోల మౌలిక వసతుల నిధి వస్తుంది, రాష్ట్రాలకు కూడా కొంత అప్పు చేసుకునే వీలుంటుంది. మార్చి 25న కొత్త సభ కూర్చుంది.

చట్టప్రకారం ఇది సరైనదే. ఆపమని వేసిన అత్యవసర పిటిషన్లను కోర్టు తోసిపుచ్చింది. కానీ ప్రజలు కొత్త సభను ఎన్నుకున్నాక, ఆ సభలో కుదరని పనిని పాత సభతో చేయించడం ఓటరు మనసులో గుచ్చుకుంటుంది. పైగా అప్పు విషయంలో ఎన్నికల ప్రచారంలో చెప్పింది ఒకటి, వెంటనే చేసింది ఇంకోటి. సవరణ అవసరమైందేనని నేను నమ్ముతాను. ఇక్కడి వంతెనల పరిస్థితి చూసినవాళ్లెవరైనా నమ్ముతారు. అయినా దాన్ని ఎన్నికల ముందే ప్రజల ముందు పెట్టి ఉండాల్సింది. నమ్మకం ఒకసారి తగ్గితే దాని ఖర్చు ఏ నిధిలోనూ దొరకదు.

ఆ సవరణకు రాష్ట్రాల సభ అయిన బుండెస్రాట్‌లో కూడా మూడింట రెండొంతులు కావాలి. మన రాజ్యసభతో పోల్చుకుని చాలామంది ఇక్కడ తికమకపడతారు. రాజ్యసభ సభ్యుల్ని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు, వాళ్లు ఆరేళ్లు ఉంటారు. బుండెస్రాట్‌లో కూర్చునేది రాష్ట్ర మంత్రివర్గాలే. హైదరాబాద్ నుంచి ముఖ్యమంత్రి, ఇద్దరు ముగ్గురు మంత్రులు వెళ్లి ఢిల్లీలో తెలంగాణ పేరున ఓటేసినట్టు ఉంటుంది. 16 రాష్ట్రాలకు జనాభాను బట్టి మూడు నుంచి ఆరు ఓట్లు, మొత్తం 69. ఏడు లక్షల జనాభా ఉన్న బ్రేమెన్‌కు 3 ఓట్లు, కోటీ ఎనభై లక్షలున్న నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియాకు 6. ఒక రాష్ట్రం తన ఓట్లన్నీ ఒకేవైపు వేయాలి. రాష్ట్రంలోని కూటమి పార్టీలు ఒక మాట మీదకు రాకపోతే తటస్థంగా ఉండాలి. తటస్థం అంటే లెక్కలో వ్యతిరేకమే. 21 మార్చి 2025న 53 ఓట్లు అనుకూలంగా వచ్చాయి. బుండెస్టాగ్‌లో వ్యతిరేకించిన లెఫ్ట్ పార్టీ, తను ప్రభుత్వంలో భాగమైన బ్రేమెన్, మెక్లెన్‌బర్గ్ ఫోర్‌పోమర్న్ రాష్ట్రాల్లో మాత్రం అనుకూలంగా ఉంది. పార్టీ కంటే రాష్ట్ర ఖజానా గట్టిగా మాట్లాడే చోటు అది.

మీలాంటివాళ్లకు నేరుగా సంబంధించిన ఒక సంఘటన కూడా అక్కడే జరిగింది. మార్చి 2002లో కొత్త వలస చట్టం బుండెస్రాట్‌కు వచ్చింది. మెజారిటీ బ్రాండెన్‌బర్గ్ నాలుగు ఓట్ల మీద ఆధారపడింది. ఆ రాష్ట్ర మంత్రుల్లో ఒకరు సరే అన్నారు, ఒకరు వద్దు అన్నారు. ముఖ్యమంత్రి మాటను తీసుకుని సభాధ్యక్షుడు అనుకూలమని ప్రకటించాడు. సభలో పెద్ద గొడవ. డిసెంబర్‌లో కోర్టు ఆ చట్టం చెల్లదంది. ఒకే రాష్ట్రం రెండు గొంతులతో మాట్లాడితే అది ఓటే కాదని తేల్చింది. మళ్లీ చర్చలు జరిగి, రాజీ కుదిరి, మార్పులతో ఆ చట్టం 1 జనవరి 2005న అమల్లోకి వచ్చింది. చదువు ముగించిన విదేశీ విద్యార్థికి ఉద్యోగం వెతుక్కోవడానికి గడువు ఇచ్చే ఏర్పాటు అందులోదే.

మెర్ట్స్ పొద్దున ఓడి సాయంత్రం గెలవడం గురించి. 6 మే 2025న ఆయనకు 316 ఓట్లు కావాలి. కూటమికి 328 మంది ఉన్నారు. వచ్చింది 310. ఈ రిపబ్లిక్ చరిత్రలో చాన్సలర్ అభ్యర్థి మొదటి రౌండులో ఓడటం అదే మొదటిసారి. ఆ రోజు మా ఆఫీసులో కూడా అందరికీ టెన్షనే. ఇది రహస్య ఓటింగు, విప్ చెల్లదు. మన దగ్గర ఫిరాయింపుల చట్టం కింద విప్ ధిక్కరిస్తే పదవి పోతుంది. ఇక్కడ సభ్యుడు తన మనస్సాక్షికే జవాబుదారి అని 38వ అధికరణం రాసిపెట్టింది. ఆ 18 మంది ఎవరో ఇప్పటికీ బయటపడలేదు. మొదటి రౌండు విఫలమైతే 14 రోజుల్లో ఎన్నిసార్లైనా ప్రయత్నించవచ్చు. అదీ కుదరకపోతే, ఎక్కువ ఓట్లొచ్చినవాణ్ని నియమించాలా, సభను రద్దు చేయాలా అన్నది అధ్యక్షుడు తేలుస్తాడు. అంటే ఆ రోజు ఓడినా దారి మూసుకుపోలేదు. కానీ అదే రోజు రెండో ఓటింగు పెట్టాలంటే సభా నియమాలను సడలించాలి, దానికి మూడింట రెండొంతులు కావాలి. సీడీయూ కలిసి పనిచేయనని తీర్మానం చేసుకున్న లెఫ్ట్ పార్టీతో కూడా మాట్లాడాల్సి వచ్చింది. సాయంత్రానికి 325 ఓట్లు వచ్చాయి.

నా ఆందోళన ఇక్కడే ఉంది. ఈ వ్యవస్థలో ముఖ్యమైన కొన్నిటికి మూడింట రెండొంతులు కావాలి: రాజ్యాంగ సవరణకు, రాజ్యాంగ న్యాయమూర్తుల ఎంపికకు. రెండు పెద్ద పార్టీలు కలిస్తే ఆ సంఖ్య సులువుగా వచ్చే రోజుల్లో పెట్టిన నియమం ఇది. ఇప్పుడు సీడీయూ, సీఎస్‌యూ, ఎస్‌పీడీ కలిస్తే సగం కొద్దిగా దాటుతుంది. మూడోవంతు బలమున్న ఎవరైనా తలుపుకు అడ్డంగా నిలబడగలరు. ఈ ప్రమాదం ముందే గమనించి డిసెంబర్ 2024లో కోర్టు నిర్మాణాన్నే రాజ్యాంగంలోకి ఎక్కించారు: 16 మంది న్యాయమూర్తులు, రెండు సెనేట్లు (అంటే ధర్మాసనాలు), 12 ఏళ్ల పదవీకాలం. అంతకుముందు ఇవి మామూలు చట్టంలో ఉండేవి, సాధారణ మెజారిటీతో మార్చేసే వీలుండేది. ఒక సభలో ఎంపిక ఆగిపోతే రెండో సభ ఎన్నుకునే ఏర్పాటుకూ వీలు కల్పించారు. ఇది నిజంగా దూరదృష్టి. అయినా జులై 2025లో ముగ్గురు న్యాయమూర్తుల ఎన్నికను ఆఖరి నిమిషంలో ఎజెండా నుంచి తీసేయాల్సి వచ్చింది, కూటమిలోనే ఓట్లు ఖాయం కాలేదు. సెప్టెంబర్‌లోగానీ పూర్తికాలేదు. నియమం ఎంత బాగా రాసినా, కూర్చుని మాట్లాడుకునే మనుషులు లేకపోతే అది పనిచేయదు.

మెజారిటీ ఎంత ఉన్నా మార్చలేనివి కూడా కొన్ని ఉన్నాయి. 79వ అధికరణం మూడో భాగం మానవ గౌరవాన్ని, ప్రజాస్వామ్యాన్ని, రాష్ట్రాల సమాఖ్య స్వరూపాన్ని సవరణకు అందకుండా ఉంచింది. ఇందులో మనకొక బంధుత్వం ఉంది. హైడెల్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన డీట్రిఖ్ కాన్‌రాడ్ అనే న్యాయ పండితుడు 1965లో బెనారస్ హిందూ యూనివర్సిటీలో ప్రసంగిస్తూ, సవరణ అధికారానికి అంతర్లీనంగా పరిమితులుంటాయని వాదించాడు. ఆ ఆలోచన గోలక్‌నాథ్ కేసులో వాదనల్లోకి వచ్చింది, 1973 కేశవానంద భారతి తీర్పులో జస్టిస్ ఖన్నా ఆయన రచనను ఉటంకించాడు. మన రాజ్యాంగ మౌలిక స్వరూప సిద్ధాంతం వెనక 1933 నాటి జర్మనీ అనుభవం కూడా కొంత ఉంది.

చివరగా, ఇక్కడ ఉండిపోవాలనుకునేవాళ్ల గురించి అడిగారు. పౌరసత్వం లేకుండా మున్సిపల్ ఎన్నికల్లో కూడా మీకు ఓటు లేదు. దీన్ని మార్చాలని హాంబుర్గ్, ష్లెస్విగ్ హోల్‌ష్టైన్ రాష్ట్రాలు ప్రయత్నించాయి. అక్టోబర్ 1990లో కోర్టు వాటి చట్టాలను కొట్టేసింది. తర్వాత 1992లో రాజ్యాంగం సవరించి యూరోపియన్ యూనియన్ పౌరులకు మాత్రం స్థానిక ఓటు ఇచ్చారు. భారతీయులకు ఇప్పటికీ లేదు. ఏళ్ల తరబడి పన్నులు కట్టేవాళ్లకు తమ వీధి దీపం గురించి ఓటు లేకపోవడం నాకు తప్పుగానే అనిపిస్తుంది. అయితే చాలా నగరాల్లో విదేశీయుల సలహా మండళ్లున్నాయి, కొన్నిచోట్ల ఇంటిగ్రేషన్ కౌన్సిల్ అంటారు. వాటికి ఓటు వేయొచ్చు, పోటీ కూడా చేయొచ్చు. ఓటింగ్ శాతం చాలా తక్కువ కాబట్టి కొద్దిమంది తెలుగువాళ్లు కలిసినా ప్రభావం చూపగలరు. పౌరసత్వానికి ఇప్పుడు సాధారణంగా అయిదేళ్ల నివాసం చాలు. జర్మనీ జంట పౌరసత్వానికి ఒప్పుకుంటుంది గానీ భారత్ ఒప్పుకోదు, ఆ నిర్ణయం ఇంట్లోవాళ్లతో మాట్లాడుకునే తీసుకోండి.

ఈలోపు ఒక పని మాత్రం చేయండి. ఓట్ల లెక్కింపు ఇక్కడ ఎవరైనా చూడవచ్చు, ఓటు హక్కు ఉండాల్సిన పని లేదు. 2005లో కొన్నిచోట్ల ఓటింగు యంత్రాలు వాడితే, సాంకేతిక పరిజ్ఞానం లేని మామూలు మనిషి కూడా లెక్కను తన కళ్లతో సరిచూసుకోగలగాలని 2009లో కోర్టు ఆ వాడకాన్ని రాజ్యాంగ విరుద్ధమంది. అందుకే ఇప్పటికీ కాగితం, చేతి లెక్కే. వచ్చే ఎన్నికల రోజు సాయంత్రం ఆరింటికి మీ దగ్గర్లోని పోలింగ్ కేంద్రానికి వెళ్లి, లెక్కింపు చూడటానికి వచ్చానని చెప్పండి. కుర్చీ ఇచ్చి కూర్చోబెడతారు. సిబ్బందిని అడ్డుకోకుండా ఉంటే చాలు. అక్కడ అర్థంకానిది ఏదైనా ఉంటే మళ్లీ అడగండి, నాకు తెలిసినంత చెబుతాను.